ఊదుగొట్టం పరీక్ష

మా పెద్దోడు డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. చదువుకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. మొన్న ఫోన్ చేసి, "అమ్మా, పెయింట్‌బాల్ గన్‌కు పొడుగు బ్యారెల్ కొనాల, గురి కుదరడంల్యా" అన్నాడు. రంగు ఉండలతో కొట్టుకునే ఆట అది. వీడిది పాత టిప్‌మన్ 98. దాంతో వచ్చిన గొట్టం 8.5 అంగుళాలు.

"పొడుగైతే గురి కుదురుతుందా నాయనా?" అన్నాను.

రెండు రోజులకు వాడే చెప్పినాడు. 12 అంగుళాలు దాటితే పెద్ద లాభం లేదంట. ఉండకు గొట్టం సరిపోవడమే ముఖ్యమంట. ఉండ సుమారు 0.68 అంగుళం. గొట్టం వదులైతే గాలి పక్కలనుంచి పోతుంది, మరీ బిగువైతే ఉండ లోపలే పగులుతుంది. కొత్తది కొన్నా దాని మర ఆ గన్‌కు సరిపోవాల.

పరీక్ష వింటే నవ్వొచ్చింది. గన్ నుంచి విప్పిన గొట్టంలో ఉండ వేస్తే జారిపోకూడదు, నోటితో ఊదితే బయటికి రావాల! పులివెందులలో మా అమ్మ కట్టెలపొయ్యి దగ్గరి ఊదుగొట్టం కళ్లముందు మెదిలింది.

వాడి గొట్టంలో ఉండ జారిపోయింది.

"అయితే ముందు రవ్వంత లావు ఉండలు కొని చూడు. గొట్టం సంగతి తర్వాత."

కాసేపు మాట లేదు. "అప్పు గుర్తుందిలేమ్మా" అన్నాడు.

నేను అప్పు మాటే ఎత్తలేదు. "ఆడేటప్పుడు మొహానికి మాస్కు మాత్రం తీయొద్దు నాయనా" అని ఫోన్ పెట్టేసినాను.