లప్పం కింద ఏముంది?

ట్యూరిన్ నగరానికి పడమటి అంచున గ్రుల్యాస్కో ఉంది. అక్కడ పాత కార్లు బాగుచేసే ఒక షెడ్డులో ఆల్ఫా రోమియో స్పైడర్ ఒకటి తలుపులూ రంగూ లేకుండా ఇనప స్టాండు మీద నిలబడి ఉంది. ఇలాంటి కారు కొని బాగుచేయించుకోవాలంటే ఏమేం చూసుకోవాలో రాయమని సంపాదకుడు అడిగాడు. షెడ్డు వాళ్లు చూపించాలనుకున్నవి ముందు గదిలో వరసగా పెట్టిన ఎర్ర కార్లు. వాటి సంగతి రెండు వాక్యాల్లో తేలిపోతుంది: బాగున్నాయి, ఖరీదైనవి. వెనక గదిలో ఒక పెద్దాయన రేకు కొడుతున్నాడు. పాత కారును కాపాడటం అనే మాటకు అర్థం ఉందంటే అది ఆయన చేతుల వల్లనే. డబ్బు, సర్టిఫికెట్లు, పన్ను రాయితీలు మాత్రం ముందు గది దాకా వచ్చి ఆగిపోతున్నాయి. ఈ ఏర్పాటు ఇలాగే సాగితే కొన్నాళ్లకు కార్లు మిగులుతాయి, వాటిని కారుగా నిలబెట్టే పని మిగలదు.

ఆయన వృత్తిని ఇటలీలో బత్తిలాస్త్రా అంటారు. మన ఊళ్లలో టింకర్ చేసే పనికి దగ్గర చుట్టం. ఎడమ చేతిలో ఇనప దిమ్మె రేకుకు లోపలి వైపు, కుడి చేతిలో సుత్తి బయటి వైపు. దిమ్మె ఎక్కడుందో కంటికి కనిపించదు, సుత్తి దెబ్బ శబ్దాన్ని బట్టే తెలియాలి. సరిగ్గా దాని మీద పడితే గట్టిగా మోగుతుంది, తప్పితే బోలుగా పలుకుతుంది. నాలుగు దెబ్బలకోసారి అరచేతి కింద పల్చటి గుడ్డ పెట్టుకుని రేకు మీద నిమురుతాడు, గుడ్డ జారేటప్పుడు ఎత్తుపల్లాలు వేళ్లకు ఇంకా బాగా తెలుస్తాయి. ఉక్కు రేకును కొట్టే కొద్దీ అది సాగుతుంది. సాగింది ఎక్కడికీ పోలేక ఉబ్బుతుంది. ఉబ్బిన చోట చిన్న మంటతో రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ మెల్లగా సర్ది, తడిగుడ్డ అద్దుతాడు. రేకు ముడుచుకుని తన చోటికి వస్తుంది. ఎంత కాల్చాలి, ఎప్పుడు తడి పెట్టాలి అన్నది ఏ పుస్తకంలోనూ పట్టేది కాదు. క్షణం ఆలస్యమైతే పక్కన మరో ఉబ్బు లేస్తుంది.

ఈ పని ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కారు సంగతి కొంత చెప్పుకోవాలి. స్పైడర్ 1966 మార్చిలో జెనీవా ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. గీసింది పినిన్‌ఫరీనా సంస్థ. ఆ సంస్థ పెట్టిన బతిస్తా పినిన్‌ఫరీనా చెయ్యి తగిలిన చివరి కార్లలో ఇదొకటి, ఆయన ఆ ఏప్రిల్ 3న పోయాడు. గుండ్రంగా సాగిన వెనక భాగాన్ని చూసి ఇటాలియన్లు దీనికి కటిల్ చేప ఎముక అని పేరు పెట్టారు. 1967లో వచ్చిన ‘ది గ్రాడ్యుయేట్’ సినిమాలో డస్టిన్ హాఫ్‌మన్ నడిపింది ఈ కారే. 1970లో తోక కత్తిరించి వెనక భాగం మార్చారు. ఆ తర్వాత మరో రెండు మార్పులతో 1993 దాకా తయారైంది, మొత్తం సుమారు లక్షా ఇరవై నాలుగు వేల కార్లు. అంటే ఇది అపురూపం కాదు. మొదటి కారు ఇంజిన్ 1570 సీసీ, దిమ్మ మొత్తం అల్యూమినియం, పైన రెండు క్యామ్ షాఫ్టులు, రెండు వెబర్ కార్బురేటర్లు. ఐదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. 1966లో ఇదంతా ఒక్క కారులో ఇచ్చినవాళ్లు ఎక్కువమంది లేరు. ఆ ఇంజిన్ ఇవాళ్టికీ ఓపికున్న మెకానిక్ ఎవరైనా విప్పి కట్టగలడు, సామాన్లు దొరుకుతున్నాయి. రెండో గేరు పడేటప్పుడు గరగరమనడం దీని పుట్టుమచ్చ. దానికి భయపడనక్కర్లేదు.

కొనేవాళ్లు మోసపోయేది బాడీ దగ్గర. మామూలు కారుకు పైకప్పు కూడా బరువు మోస్తుంది. కప్పు తీసేసిన కారులో ఆ భారమంతా నేలరేకు మీదా, తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టెలాంటి దూలాల మీదా పడుతుంది. స్పైడర్‌లో ఆ దూలం మూడు పొరల రేకు. గుడ్డ టాపు నుంచి కారిన నీళ్లు తివాచీ కిందికి చేరతాయి, టాపు దగ్గరి నీటి గొట్టాలు ఆకులతో మూసుకుపోతాయి, తుప్పు లోపలి పొరలో మొదలవుతుంది. బయటి పొరకు ఎర్రమచ్చ వచ్చేసరికి లోపల తినడానికి ఏమీ మిగలదు. అప్పుడు కారు నడుము మెల్లగా వంగుతుంది, తలుపు వెనక అంచున పైన సందు ఇరుకవుతుంది. ఆ సందు చూస్తే చాలు, సగం కథ తెలిసిపోతుంది. కానీ చూసేవాళ్లు తక్కువ. ఇంజిన్ చప్పుడు విని, రంగు చూసి బేరం ముగిస్తారు. తుప్పు మీద లప్పం పూసి, సాపు చేసి, ఎర్రరంగు కొడితే రెండేళ్లు ఎవరికీ తెలియదు. లప్పం ఉన్నచోట అయస్కాంతం పట్టదు. కొనడానికి వెళ్లేవాడి జేబులో ఉండాల్సిన మొదటి పనిముట్టు అదే.

షెడ్డులో చెవిన పడిన ఫిర్యాదు మాత్రం తుప్పు గురించి కాదు, కారు తెచ్చేవాళ్ల కోరికల గురించి. పెద్దాయన అన్నదాని సారం ఇది: అందరికీ సందులన్నీ కొత్త జర్మన్ కారులో లాగా వెంట్రుకవాసి తేడా లేకుండా కావాలి, రంగు అద్దంలా ఉండాలి, కారు కొత్తదానిలా రావాలి. కొత్తప్పుడు ఇది ఏనాడూ అలా లేదని చెబితే పనివాడికి చేతకాక అంటున్నాడనుకుంటారట. ఈ విసుగులో పెద్ద సత్యం ఉంది. ఈ బాడీలు ఇక్కడే, గ్రుల్యాస్కోలోని పినిన్‌ఫరీనా కార్ఖానాలో, అతుకులను మనుషులు చేత్తో సర్ది పూర్తిచేసినవి. కుడికీ ఎడమకూ ఇసుమంత తేడా ఉండేది. ఆ తేడా ఈ కారు ఎలా పుట్టిందో చెప్పే సాక్ష్యం. దాన్ని చెరిపేసి పుట్టినప్పటికంటే నున్నగా చెయ్యడాన్ని బాగుచేయడం అంటున్నాం. 2013లో పాత వాహనాల ప్రపంచ సమాఖ్య తెచ్చిన ట్యూరిన్ చార్టర్ చెప్పేదీ ఇంచుమించు ఇదే: ముందు ఉన్నదాన్ని కాపాడాలి, తప్పనిసరైన చోటే మార్చాలి, మార్చిందంతా రాసిపెట్టాలి. కట్టడాల కోసం 1964లో వచ్చిన వెనిస్ చార్టర్‌ను చూసి రాసుకున్న నియమాలవి. గుడి గోపురానికి కొత్త సిమెంటు పూసి రంగులేసేవాళ్ల మీద మనకు కోపం వస్తుంది, కారు దగ్గరికి వచ్చేసరికి అదే పనికి బహుమతులిస్తున్నారు.

తుప్పు పట్టిన దూలం సాక్ష్యమెలా అవుతుంది, అలాంటి కారు రోడ్డెక్కితే ప్రాణాలకే ముప్పు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, బరువు మొయ్యలేని రేకును కోసెయ్యాల్సిందే. ప్రశ్న ఎంత కొయ్యాలన్నది. రెండు దారులున్నాయి. ఒకటి, పాడైన మేరకే కోసి, సరిపడా ముక్కను చేత్తో వంచి అతికించడం. రెండోది, అచ్చుపోసిన కొత్త ప్యానెల్ తెప్పించి, పక్కన బాగున్న రేకుతో సహా పాతదాన్ని తీసేసి, కొత్తది వెల్డింగ్ చేసి, తేడా వచ్చినచోట లప్పంతో పూడ్చడం. రెండోదానికి గంటలు తక్కువ పడతాయి. స్పైడర్‌ను పూర్తిగా బాగుచేయించే ఖర్చు చాలాసార్లు కారు వెలను దాటిపోతుంది కనక, యజమాని రెండోదారే పడతాడు. అతన్ని తప్పుపట్టలేం. 1950ల నాటి ఫెరారీ అయితే ప్రతి గంటకూ కూలి గిట్టుతుంది, దాని దగ్గర చేతిపనికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి ఈ విద్య అడుగంటదు, ఫెరారీలు పోషిస్తాయి అనేవాళ్లున్నారు. ఆ మాటలో ఒక మెలిక ఉంది. కోట్ల విలువైన ఫెరారీ మీద ఎవరూ కుర్రాడి చేతికి సుత్తి ఇవ్వరు. తప్పు కొడితే భరించగల కారు మీదే పని నేర్చుకోవాలి. లక్షపైన తయారై, మధ్యతరగతికి కాస్త దూరంగానే అయినా అందే స్పైడర్ లాంటి కార్లే ఆ బడి. వాటి మీద చేతిపని ఆగిపోతే, పైన ఫెరారీల దగ్గర పనిచేసే వాళ్ల తర్వాత వరస ఖాళీ. నా వాదనంతా ఈ ఒక్క మెలిక మీదే నిలబడి ఉంది.

యంత్రాలొచ్చాయి కదా, స్కానర్‌తో కొలిచి, కంప్యూటర్‌తో రేకు తీర్చవచ్చు కదా అన్నది మరో అభ్యంతరం. ఇందులో సగం ఒప్పుకోవాలి. విరిగిన దీపపు చట్రం, దొరకని మీట లాంటివి అలా చేసుకోవడమే మేలు. కానీ స్కానర్ ఒక కారు ఆకారాన్ని కొలుస్తుంది. కార్ఖానాలోనే ఒక్కో తీరుగా పుట్టి, యాభై ఏళ్లుగా ఒక్కో తీరుగా వంగిన మరో కారుకు ఆ కొలత యథాతథంగా సరిపోదు. ఆ తేడాను సర్దేది చివరికి చెయ్యే. చెయ్యి లేనిచోట లప్పం వస్తుంది. ఇక పొగ సంగతి. పాత కార్బురేటర్ ఇంజిన్ శుభ్రమైనదని ఎవరూ అనరు. రోజూ ఆఫీసుకు దీన్ని వాడమని కూడా ఎవరూ అనడంలేదు.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా, దాని కోసం సర్కారు ఎందుకు పూనుకోవాలి అన్న ప్రశ్న వీటికంటే బరువైనది. చేత్తో చేసిన మంచి వయొలిన్ కూడా పేదవాడికి అందేది కాదు. అయినా ఇటలీ క్రెమోనాలో 1938లోనే వయొలిన్ తయారీకి బడి పెట్టింది, 2012లో ఆ నైపుణ్యం యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ గుర్తించింది వాద్యాన్ని కాదు, చేసే పనిని. మన పెంబర్తి ఇత్తడి రేకు పనికి భౌగోళిక గుర్తింపు వచ్చిందీ అలాగే. ట్యూరిన్‌కు వచ్చేసరికి గౌరవమంతా వస్తువుకే. 1960 నుంచి నగరంలో జాతీయ కార్ల మ్యూజియం ఉంది. ముప్పై ఏళ్లు దాటిన కారుకు ఇటలీలో మామూలు రోడ్డు పన్ను లేదు, ఇరవై దాటి చారిత్రక వాహనమనే సర్టిఫికెట్ ఉంటే సగం తగ్గుతుంది. ఈ రాయితీ అందుకునేది యజమాని. ఈలోగా బెర్తోనే డిజైన్ సంస్థ 2014లో దివాలా తీసింది, 2015లో పినిన్‌ఫరీనాను కొనడానికి మన మహీంద్రా ఒప్పందం చేసుకుంది. పేర్లు చేతులు మారుతాయి, గీసిన కార్ల బొమ్మలు బీరువాల్లో భద్రంగా ఉంటాయి. సుత్తి పట్టిన మనిషి ఆస్తి లెక్కల్లో ఎక్కడా కనిపించడు.

మన దగ్గర పరిస్థితి చెప్పుకుని మురిసేది కాదు. ఇదే ట్యూరిన్ నుంచి వచ్చిన ఫియట్ 1100 బొంబాయిలో తయారై, 1974 నుంచి ప్రీమియర్ పద్మినిగా మన రోడ్ల మీద తిరిగింది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం వింటేజ్ గుర్తింపుకు యాభై ఏళ్లు నిండాలి. పద్మినీల్లో చాలావాటికి ఆ వయసు ఇంకా రాలేదు, బొంబాయి టాక్సీలుగా తిరిగినవి 2023లో రోడ్డు దిగిపోయాయి. ఆ రేకులు కొట్టిన టింకర్లు మన ప్రతి పట్నంలోనూ ఉండేవాళ్లు.

కాబట్టి ఇలాంటి కారు కొనాలనుకునే వారికి నేను చెప్పగలిగేది ఇది. కొత్తగా మెరిసేదాన్ని వదిలేసి, రంగు వెలిసినా ఎవరూ కెలకనిదాన్ని ఎంచుకోండి. తలుపు సందు చూడండి, మోకాళ్ల మీద కూర్చుని దూలం తట్టండి, ఇంజిన్ సంగతి తర్వాత. డబ్బులో మొదటి వాటా రేకు పనికి, చివరి వాటా రంగుకు పెట్టండి. పని జరుగుతున్నన్నాళ్లూ ఫొటోలు తీయించండి, ఏ ముక్క ఎవరు కొట్టారో పేరుతో సహా ఫైలులో రాయించండి, పక్కన ఒక నేర్చుకునే కుర్రాడు నిలబడితే అదనంగా పడే గంటలకు గొణక్కుండా డబ్బివ్వండి. పన్ను మాఫీ చేసే ప్రభుత్వం కూడా ఆ ఫైలు అడగాలి. ఇంజిన్ నంబరు సరిపోయిందని గొప్పగా రాసుకునే అమ్మకపు ప్రకటనల్లో రేకు కొట్టినవాడి పేరు ఉండదు. ఆ పేరు లేని కారును పూర్తిగా బాగుచేసిన కారుగా నేను ఒప్పుకోను.