పులి బొమ్మ డబ్బా రంగూన్‌లో పుట్టింది

మా ఆమదాలవలసలో జలుబు కంటే రొంప అనే మాటే ఎక్కువ వాడతాం. రొంప పడితే మా ఇంట్లో ముందు శొంఠి, మిరియాల కషాయం. తగ్గకపోతే పసుపు వేసి ఆవిరి. అప్పటికీ ముక్కు వదలకపోతే బీరువాలోంచి టైగర్ బామ్ దిగుతుంది. సింగపూర్‌లో వెల్డింగ్ పని చేసే మావయ్య తెచ్చింది. ఫారిన్ సరుకు కదా, చీరల మధ్య దాస్తారు. పాపం, శొంఠికి పోపుల డబ్బానే గతి.

అసలు ఆ డబ్బాది సింగపూర్ కాదు, రంగూన్. ఔ చూ కిన్ అనే చైనా మూలికా వైద్యుడు 1870ల్లో అక్కడ మందుల కొట్టు పెట్టాడు. తర్వాత 1920ల్లో కొడుకులు వ్యాపారాన్ని సింగపూర్‌కి మార్చారు. వాళ్లలో బూన్ హా పేరులోనే ‘పులి’ ఉంది. మన వైపు నుంచి వేలమంది ఓడెక్కి బియ్యం మిల్లుల్లో, రేవులో కూలికి వెళ్లింది కూడా ఆ రంగూన్‌కే. 1942లో, జపాన్ యుద్ధమప్పుడు, చాలామంది కాలినడకన తిరిగొచ్చారు.

ఇక పనితనం. అందులో కర్పూరం, మెంథాల్, లవంగ నూనె ఉంటాయి. మెంథాల్ ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే నరాలని తట్టి లేపుతుంది. గాలి బాగా ఆడుతున్నట్టు మనకి అనిపిస్తుంది. లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది. మా ఆఫీసు భాషలో, బగ్ ఫిక్స్ కాలేదు, అలర్ట్ మ్యూట్ అయిందంతే.

ముక్కు దిబ్బడని నిజంగా తీసే చైనా మూలిక వేరే ఉంది, మా హువాంగ్. 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయ్ దాన్నుంచి ఎఫెడ్రిన్‌ని వేరు చేశాడు. అది గుండె దడ, బీపీ పెంచుతుంది. అందుకే అమెరికా 2004లో ఆ మూలిక కలిపిన సప్లిమెంట్లని నిషేధించింది. మూలికే కదా అని తేలిగ్గా తీసుకోడానికి లేదు.

మొన్న అక్క కూతురికి రొంప పట్టింది. ఏడు నెలల పిల్ల. మామ్మ డబ్బా మూత తీసి ముక్కు కింద రాయబోయింది. నేను అడ్డుపడ్డాను.

“మీ అందరికీ ఇదే రాసి పెంచినాను. ఏటైనా అయిందేట్రా?”

రెండేళ్లలోపు పిల్లలకి ఇలాంటి బామ్‌లు వద్దు. ముక్కు దగ్గర రాస్తే ఊపిరి ఇబ్బంది కావచ్చు, కర్పూరం నోట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు. మామ్మ వినలేదు గానీ అక్క వింది. డాక్టర్ చెప్పినట్టు సెలైన్ చుక్కలు వేసి, పాలు కొంచెం కొంచెంగా పట్టింది.

మామ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు తన మోకాళ్లకి ఆ బామే రాయమని పిలిచింది.