వెనక్కి తిరగని రథం

కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా, ఇంద్రియాలను గుర్రాలుగా నిరూపించింది. కరీంనగర్‌లోని ఒక ఇంట ఇంజనీరింగ్ విద్యార్థియైన మనుమడు కంట్రోలర్ పట్టుకొని తెరపై కారును పరుగెత్తిస్తుండగా, అతని తాతకు ఆ రథకల్పనే స్మరణకు వచ్చింది.

ఆ ఆట పేరు ఫోర్జా హొరైజన్ 5. 2021 నవంబర్‌లో విడుదలైంది. మెక్సికో దేశాన్ని తలపించే విశాల జగత్తు అందులో ఉన్నది: ఎడారి, అరణ్యం, సముద్రతీరం, అగ్నిపర్వతం. పందెంలో పాల్గొనవచ్చు, లేదా ఏ లక్ష్యమూ లేకుండా సంచరించవచ్చు. ఆ స్వేచ్ఛయే దాని ప్రథమ గుణం. తడిసిన దారిపై ఒక విధంగా, మట్టిబాటపై మరొక విధంగా చక్రాల పట్టు మారుతుంది కనుక ఏకాగ్రత అలవడుతుంది. ఇది రెండవ గుణం.

దోషాలూ లేకపోలేదు. వందలాది కార్లు అనాయాసంగా లభిస్తాయి. ఋతువు వారానికొకటి మారుతుంది. కొన్ని కార్లను ఆ గడువులోనే సంపాదించాలి. లభించినదానిపై ఆదరం నిలువదు, లభించనిదానిపై ఆరాటం తగ్గదు. తృష్ణా స్వభావమే అది.

అన్నిటికంటె విచిత్రమైనది మరొకటి. కారు గోడకు గుద్దుకొంటే, ఒక మీట నొక్కి కాలాన్ని కొన్ని క్షణాలు వెనక్కి త్రిప్పవచ్చు. అభ్యాసకునికి అది అభయం. అది చూచి తాత అడిగాడు: “బిడ్డా, అసొంటి మీట మన రోడ్ల మీద ఉంటదా?” మనుమడు నవ్వి ఊరుకున్నాడు.

మరునాడు ఇద్దరూ ఆదిలాబాద్‌లోని బంధువుల ఇంటికి కారులో బయలుదేరారు. నడిపినది మనుమడే. కొండగట్టు కనబడగానే తాత అంజన్నకు చేతులు జోడించాడు. ఆ ఘాట్ మార్గంలోనే 2018 సెప్టెంబర్ 11న బస్సు లోయలో పడి అరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కారులో కొంతసేపు మాట వినబడలేదు.

జగిత్యాల, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ పాతదారిలో ప్రవేశించారు. ఒక మలుపులో మనుమడు వేగం తగ్గించక ముందున్న లారీని దాటబోయాడు. ఎదురుగా ఆవుల మంద. బ్రేకు బలంగా పడింది. జానెడు దూరంలో కారు ఆగింది. ఆ క్షణంలో అతని బొటనవ్రేలు స్టీరింగ్‌పై లేని మీటను వెదికింది.

ఆవులు నెమ్మదిగా దాటిపోయాయి. తాత మందలించలేదు. మనుమడే చాలాసేపటికి మెల్లగా చెప్పాడు: “తాతా, ఆ ఆటల డ్రైవటార్ అని ఉంటది. మనం ఎట్ల నడుపుతమో అది నేర్చుకుంటది. మనం లేకున్నా మన పేరు మీద వేరేవాళ్ల పందెంల నడుపుతది.”

“అంటే వాసన అన్నట్టు,” అన్నాడు తాత.

మీట ఫలాన్ని చెరపగలదు. దూకుడు అనే వాసనను చెరపలేదు. ప్రతిసారి క్షమింపబడిన తొందరపాటు సంస్కారమై చేతిలోనే మిగిలి, మలుపు రాగానే సారథి కంటె ముందు మేల్కొంటుంది. ఆట గుణమూ దోషమూ ఆ ఒక్క మీటలోనే ఉన్నాయి: నేర్చుకొనేవానికి అది గురువు, అలవాటుపడినవానికి అది మాయ.

కరీంనగర్ తిరిగి వచ్చిన రాత్రి మనుమడు ఆట అమరికలలో ఆ మీటను నిలిపివేశాడు. అందుకు వీలు ఆటలోనే ఉన్నది. ఆనాటి పందెంలో అతనికి చివరి స్థానం వచ్చింది. మలుపుకు ముందే బ్రేకు వేయడం మాత్రం మొదలైంది.