ఒకే పేరు, రెండు సీసాలు

నిన్న రెండు ఇటలీ వైన్ సీసాలు పక్కపక్కన పెట్టి లేబుళ్లు చదువుతూ కూర్చున్నా. రెండింటి మీదా మాంటెపుల్చానో అనే ఉంది! ‘వీనో నోబిలే ది మాంటెపుల్చానో’లో అది ఊరిపేరు, టస్కనీలో కొండమీది ఊరు. ద్రాక్ష మాత్రం సాంజొవేజే, కనీసం 70 శాతం ఉండాలి. ఆ ఊళ్లో దానికి ప్రున్యోలో జెంటిలే అని ముద్దుపేరు కూడా.

‘మాంటెపుల్చానో దబ్రుజ్జో’లో అదే మాట ద్రాక్ష పేరు. పండేది ఏడ్రియాటిక్ సముద్రం వైపు, అబ్రుజ్జోలో. ఊరిపేరు ఇంటిపేరుగా మోస్తూ ఆ ఊరి మొహమే చూడని మనవాళ్లు గుర్తొచ్చారు.

గ్లాసుల్లో పోశాక తికమక లేదు. అబ్రుజ్జోది నేరేడుపండు రసంలా చిక్కగా ఉంది. నోబిలేని లైటుకి ఎత్తి పట్టుకుంటే అవతల నా వేళ్లు కనిపించాయి. నా ఓటు అబ్రుజ్జోకే. ధర కూడా తక్కువే లెండి.