కత్తా? కరెంటా?



మన పల్లెల్లో గొంతు క్యాన్సర్ మెడలోని గడ్డలకు కూడా పాకిందని తెలిశాక అడిగే ప్రశ్న ఒకటే: "అయ్యగారూ, ఆపరేషన్ చేయించాలా, కరెంటు పెట్టించాలా?" నేను డాక్టర్ని కాను. ఆ నిర్ణయం నాది కాదు. అయినా తెలిసిన నాలుగు మాటలు చెప్పడం కాపరిగా నా బాధ్యత.

మొదటిది, మెడ గడ్డలకు పాకినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు పోకపోతే చాలామందికి నయం చేయాలనే ఉద్దేశంతోనే వైద్యం చేస్తారు.

ఆపరేషన్‌లో గొంతులోని గడ్డతో పాటు మెడ గ్రంథులను కూడా తీస్తారు. స్వరపేటిక మొత్తం తీస్తే మెడ ముందు పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి పీల్చాలి. సొంత గొంతు పోతుంది, చిన్న వాల్వుతో మళ్లీ మాట నేర్చుకోవచ్చు. కొందరికి భుజం బలహీనపడుతుంది. క్యాన్సర్ గ్రంథి పొర దాటి వచ్చిందని తేలితే ఆపరేషన్ తర్వాత కరెంటు కూడా పెడతారు. అంటే చాలామందికి రెండూ తప్పవు.

కరెంటైతే సాధారణంగా వారానికి ఐదు రోజులు, ఏడు వారాలు. తరచుగా దానితో పాటు సిస్‌ప్లాటిన్ మందు ఎక్కిస్తారు. గొంతు మిగిలే అవకాశం ఉంది గానీ నోరు పూస్తుంది, ఎండిపోతుంది, మింగుడు పడదు. పళ్లు ముందే చూపించుకోవాలి.

1991లో అమెరికాలో స్వరపేటిక క్యాన్సర్ ముదిరిన 332 మందిపై చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. సగం మందికి ఆపరేషన్ చేసి కరెంటు పెట్టారు. మిగతా సగానికి ముందు మందులు, తర్వాత కరెంటు. రెండేళ్లకు రెండు వైపులా నూటికి 68 మంది బ్రతికి ఉన్నారు. రెండో వైపు నూటికి 64 మందికి స్వరపేటిక మిగిలింది. అయితే క్యాన్సర్ స్వరపేటిక మృదులాస్థిని చీల్చుకుని బయటికి వస్తే డాక్టర్లు ఎక్కువగా ఆపరేషన్ వైపే మొగ్గుతారు. అందుకే పక్కింటివారికి చేసిందే మనకూ చేయాలని పట్టుబట్టకండి. ఆపరేషన్ డాక్టర్నీ, కరెంటు డాక్టర్నీ ఇద్దరినీ అడగండి.

"కత్తి తగిలితే పాకుతుంది" అన్న మాట నమ్మకండి. ఆలస్యం చేస్తేనే పాకుతుంది. మిరప కోతలున్నాయని కరెంటు మధ్యలో మానేయకండి. చుట్ట, బీడీ, గుట్కా ఈరోజే వదలండి. ఖర్చుకు భయపడేవారు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.

ఒక సహోదరుడు నన్నడిగాడు: "మాట పోతే దేవుణ్ణి ఎలా స్తుతించను?" జెకర్యాను గుర్తు చేసుకోండి. నోరు మూగబోయినప్పుడు ఆయన పలక మీద వ్రాశాడు. దేవుని పని ఆగలేదు. హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించాడు, ఆయన పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కూడా కట్టారు. ప్రార్థన, వైద్యం ఒకదానికొకటి శత్రువులు కావు. ఆసుపత్రికి వెళ్లినవాణ్ణి అవిశ్వాసి అనకండి.

ఏడు వారాలంటే ముప్ఫై ఐదు ప్రయాణాలు. రాజుపాలెం నుండి సత్తెనపల్లి మీదుగా గుంటూరు బస్సులో రోగి ఒంటరిగా కూర్చోకూడదు. రోజుకొక్కరం తోడు వెళ్దాం. మింగగలిగేలా మెత్తని జావ కాచి పంపుదాం. అది కూడా ప్రార్థనే.

బాధలో ఉన్న ప్రతి ఇంటినీ ప్రభువు ఆదరించును గాక. ఆమేన్.