జవాబు ఎంత అని కాదు, సరిపోతుందా అని అడుగుతారు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి లెక్కల గురించి రాస్తున్నా. పేరు చూసి వదిలేయకుండా చివరిదాకా చదవండి.

మాది కొత్తపేట దగ్గర ఎరుకల కుటుంబం. నాన్నది కొబ్బరికాయల ఒలుపు పని. ఆదివారాలు అమలాపురంలో మన పిల్లలం ఐదారుగురం కలిసి సివిల్స్ ప్రిలిమ్స్‌కి చదువుకుంటాం. అందరూ పాలిటీ, చరిత్ర గట్టిగా చదువుతారు. సీశాట్ అనగానే "ఎస్టీలకి కటాఫ్ తక్కువే కదా అన్నా" అంటారు. అది మొదటి పేపర్ మాట. రెండో పేపర్‌లో 33 శాతం రావాలి, అది అందరికీ ఒకటే, మనకి సడలింపు లేదు. 80 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు ఒక్కటీ లేకపోతే 27 సరైన జవాబులు చాలు. తప్పుకి ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. కాబట్టి గుడ్డిగా పెట్టడం కుదరదు.

అందులో ప్రధాన సంఖ్యల మీద డేటా సఫిషియన్సీ ప్రశ్నలు వస్తుంటాయి. ప్రధాన సంఖ్య అంటే మనకి కొబ్బరికాయల్లోనే కనపడుతుంది. 24 కాయల్ని నాలుగు వరసల్లో ఆరేసి చొప్పున పేర్చొచ్చు. 23 కాయలైతే ఒకే వరసగా పేర్చాలి తప్ప సమాన వరసలు కుదరవు. 23 ప్రధాన సంఖ్య. 1 ప్రధాన సంఖ్య కాదు. సరి సంఖ్యల్లో 2 ఒక్కటే ప్రధాన సంఖ్య. సగం ప్రశ్నలు ఈ రెండు మాటల దగ్గరే తిప్పుతారు.

ఇప్పుడు చూడండి. p ప్రధాన సంఖ్య, విలువ ఎంత? ఒకటి: p సరి సంఖ్య. రెండు: p పది కన్నా చిన్నది. మొదటిది ఒక్కటే చాలు, p = 2. రెండోదాంట్లో 2, 3, 5, 7 నాలుగూ ఉన్నాయి, చాలదు.

ఇంకోటి. n పూర్ణాంకం. అది ప్రధాన సంఖ్యేనా? ఒకటి: n 24 కన్నా పెద్దది, 28 కన్నా చిన్నది. రెండు: n బేసి సంఖ్య. మొదటిదాని ప్రకారం 25, 26, 27 మాత్రమే ఉంటాయి. మూడూ ప్రధాన సంఖ్యలు కావు. అంటే జవాబు "కాదు". ఇక్కడే చాలామంది "చాలదు" అని పెట్టేస్తారు. "కాదు" అని ఖచ్చితంగా చెప్పగలిగినా సమాచారం సరిపోయినట్టే. రెండోది ఒక్కటే అయితే 7 అవ్వొచ్చు, 9 అవ్వొచ్చు, తేలదు.

మూడోది. p, q ప్రధాన సంఖ్యలు, p + q ఎంత? ఒకటి: వాటి లబ్ధం 35. రెండు: వాటి తేడా 2. మొదటిది చాలు, మొత్తం 12. ఏది 5, ఏది 7 అన్నది తెలియక్కర్లేదు, అడగలేదు కూడా. రెండోదాంట్లో 3, 5 ఉంటాయి, 5, 7 ఉంటాయి, చాలదు.

పద్ధతి ఇదే. ఒక్కో స్టేట్‌మెంట్‌ని విడిగా చూడాలి. మొదటిది చదివాక దాన్ని చేత్తో మూసి రెండోది చూడాలి. రెండూ విడిగా చాలకపోతేనే కలపాలి. ఇచ్చిన మాటకి మన ఊహ జోడించకూడదు.

ఒకసారి కోచింగ్‌లో ఒకాయన నా ముందే "ఎస్టీ కదా, లెక్కలు రావులే" అన్నాడు. ఒకే స్టేట్‌మెంట్ చూసి జవాబు పెట్టేశాడు. సరే, వాళ్ల మాట పక్కన పెట్టండి. పదో తరగతిలో లెక్కల మార్కులు తక్కువొచ్చాయని "మనకి లెక్కలు రావు" అని మనమే తేల్చేసుకుంటున్నాం కదా, దానికి మాత్రం ఆ డేటా సరిపోతుందా? మన స్కూల్లో లెక్కల మాస్టారు ఏడాదంతా ఉన్నారా, ఇంట్లో చెప్పేవాళ్లున్నారా అన్నవి కలిపి చూడకుండా ఆ జవాబు పెట్టొద్దు.

ఇది మీరే చెయ్యండి. p ప్రధాన సంఖ్య, ఎంత? ఒకటి: p 30కీ 40కీ మధ్య ఉంది. రెండు: p నుంచి 2 తీసేసినా ప్రధాన సంఖ్యే వస్తుంది. ఏది చాలు అనే కాదు, ఎందుకు చాలు అన్నది కూడా రాయండి.