మా యింటి పరాసుభాష

ప్రొద్దు పడమటికి వ్రాలి, జువ్వలదిన్నె తీరమున పడవలు గట్టు చేరి, వలలు దులిపిన జాలరులు ఇండ్లు పట్టు వేళకు మా పిల్లలిరువురును కాళ్లనిండ ఇసుకతో వచ్చి వాకిటి నీళ్లతొట్టికడ నిలుతురు. అమ్మాయికి ఆరేండ్లు, అబ్బాయికి నాలుగు. మొదటి చెంబు నీళ్లు కాళ్లపై పడినది మొదలు అన్నము తిని కంచములు కడుగువరకు మా ముగ్గురి నడుమ నడచు భాష ఫ్రెంచి. నీరు ‘ఓ’, చేయి ‘మేఁ’, అన్నము ‘రీ’, చేప ‘ప్వాసోఁ’. అంతకు ముందును తెలుగే, అటుపిమ్మటను తెలుగే. పుదుచ్చేరిలో చదువుకొన్న దినములలో నాకబ్బిన యీ భాషను నా బిడ్డలకు పంచవలెనన్న కోరికతో రెండేండ్లుగా నడుపుచున్న యీ యింటిబడికి నల్లబల్ల లేదు, పరీక్ష లేదు. నీళ్లతొట్టియు, అన్నపు కంచమును మాత్రమే కలవు.

“ఇంగ్లీషైన కొలువునకు పనికివచ్చును, ఈ పల్లెలో ఫ్రెంచి యెందుల కమ్మా?” అని మా పెద్దలు అడుగుదురు. ఆ భాష మన తీరమునకు క్రొత్తది కాదని నా సమాధానము. ఫ్రెంచివారిని మన పూర్వులు ‘పరాసువారు’ అని వ్యవహరించిరి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధమును కథగా విన్న ప్రతి తెలుగుబిడ్డకును పరాసు సేనానియైన బుస్సీ దొర పేరు తెలియును. మా యూరి యలలు తాకు నీ తూర్పు తీరముననే దక్షిణమున పుదుచ్చేరి, ఉత్తరమున గోదావరి పాయ యొడ్డున యానాము కలవు. 1723లో పరాసువారు తొలిసారి వర్తకశాల నెలకొల్పిన యానాము, 1954లో వారి పాలననుండి విడివడి, 1962 ఆగస్టు 16న ఒడంబడిక ప్రకారము భారతదేశమున సంపూర్ణముగా లీనమయ్యెను. ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించునంతవరకు ఫ్రెంచి అధికారభాషగా నుండవలెనని ఆ యొడంబడికయందే వ్రాసికొనిరి. అయినను, రెండువందల యేండ్లకు పైబడి కచేరీని, న్యాయస్థానమును ఏలిన యా భాష దొరలతో కూడ వెనుదిరిగినది; వంటయింటిలోను, ఉయ్యాల యొద్దను ఉండిన తెలుగు మాత్రము ఉన్నచోటనే యున్నది.

దీనికి ప్రతిబింబము వంటి చరిత్ర మరియొకటి కలదు. యానాముకు చేరువనే యున్న కోరంగి రేవునుండి పందొమ్మిదవ శతాబ్దమున చెఱకుతోటల పనికై మారిషస్ దీవికి ఓడలెక్కిన మనవారిని అచ్చట కోరంగివారనియే పిలిచిరి. 1810లోనే ఆ దీవి ఇంగ్లీషువారి వశమైనను, వీథిలోను తోటలోను వినవచ్చినది ఫ్రెంచినుండి పుట్టిన క్రియోల్ భాష. అది క్రమక్రమముగా వాకిలి దాటి నట్టింటికి, నట్టింటినుండి పొయ్యి యొద్దకు వచ్చి చేరగా, ఉగాదిని, రామభజనను ప్రాణపదముగా కాపాడుకొన్న యా సోదరులే నేడు తమ బిడ్డలకు తెలుగును బడిలో పాఠముగా నేర్పించుకొనవలసి వచ్చినది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలో జరిగినవనగా, వారి మమకారమెంతటిదో తెలియును. యానామున ఏలినవారి భాష పోయినది, మారిషస్ దీవిలో ఏలనివారి క్రియోల్ భాష నిలిచినది. భాషకు ఆయువు పోయునది సింహాసనము కాదు, పొయ్యి.

ఈ సత్యము నాకు మొదట తెలియలేదు. పుస్తకము ముందిడుకొని అక్షరములతో నారంభించితిని. అమ్మాయి మాటలో తప్పు దొర్లినప్పుడెల్ల నడుమనే ఆపి దిద్దితిని. పదిదినములలో ఆ పిల్ల నా యెదుట నోరు విప్పుటయే మానినది. అప్పుడు మా తీరమునందలి పట్టపు జాలరుల పాలెముల పిల్లలు నాకు గురువులైరి. వారు ఇంట తల్లిదండ్రులతో తమిళమునకు చుట్టమైన తమ పట్టపు మాటను, వీథిలో మాతో తెలుగును ఆడుదురు. ఏ వ్యాకరణమును చదువక, ఏ మాట ఎవరితో ఆడవలెనో మూడేండ్ల పసివాడును తడబడక యెఱుగును. మనిషికో, వేళకో, పనికో ముడివడిన భాష బిడ్డకు బరువు కాదని వారిని చూచి గ్రహించి, పుస్తకమును మూసి, తొట్టికడకు నడచితిని. ఇప్పుడు తప్పును దిద్దను. అదే మాటను సరిగా నేను మరల పలికి ఊరకుందును.

మరియొక విశేషము, ఫ్రెంచి నేర్చుటకు తెలుగుబిడ్డ తెరువు చాలవరకు నడిచియే యున్నాడు. ముక్కుతో పలుకు వారి యచ్చులను వ్రాయుటకు మన పాత పుస్తకములలోని అరసున్న చాలును. నేడు మూగవోయిన యా ఖండబిందువు మా పిల్లల నోట ‘బోఁ’, ‘ప్వాసోఁ’ అనుచు తిరిగి మ్రోగుచున్నది. హల్లు పరమైనప్పుడు ‘వచ్చె’నని యూరకుండు క్రియ, అచ్చు పరమైనంతనే ‘వచ్చెనతఁడు’ అని ద్రుతమును వెలికి తెచ్చునట్లు, ‘లె’ అను వారి బహువచనసూచక పదమున దాగిన సకారము అచ్చు పరమైనప్పుడు జకారధ్వనితో మేల్కొనును. స్నేహితునితో ‘త్యు’, పెద్దవారితో ‘వూ’ అనవలెనని చెప్పినంతనే, నీవు మీరు అను భేదమును చనుబాలతో నేర్చిన మా యబ్బాయికి వేఱు వివరణము కావలసిరాలేదు. కుర్చీ స్త్రీలింగము, పుస్తకము పుంలింగము ఎట్లగునని అమ్మాయి అడిగినప్పుడు, భార్య యను నర్థముగల ‘దార’ శబ్దము సంస్కృతమున పుంలింగమైన వింతను ఆమె తాతగారు చెప్పి నవ్వించిరి.

కావున ఏదేని యొక పరభాష నెఱిగిన తల్లిదండ్రులకు నా విన్నపమిది. మీ బిడ్డకు దానిని పాఠముగా నీయకుడు, ఒక పూటగా ఇండు. స్నానమో, భోజనమో, సాయంకాలపు నడకయో, ఒక్క పనిని దానికి విడిచి, ఆ వేళను తప్పక పాటింపుడు. అయితే దినములో తక్కిన వేళలన్నియు తెలుగువే కావలెను. మా యింట కంచములు కడిగి, దీపము తగ్గించి, బిడ్డలు నా కిరువైపుల పండుకొన్న పిమ్మట చెప్పు కథ, ఏ నాడైనను, తెలుగుకథయే.